ఏకగ్రీవ అభిప్రాయం

“సరే, గారెలొద్దు. మిర్చీ బజ్జీలన్న చెయ్యుండ్రి,” అన్నారు కిషన్ రావు గారు, తానే తగ్గినట్టుగా.

“శనగపిండి ఉన్నది, మిర్చీలున్నయ్. చేసే మనిషే లేదు,” అంది యశోదమ్మ కుర్చీలోంచి కదలకుండా. “ఎన్నో ఆదివారం ఇది? దేశంల చదువులన్ని దిద్దెటోళ్ళకు నాష్తా చేసేతందుకు ఒక హోటల్ దొరకదా? చిక్కడపల్లిల సందుకొక టిఫిన్ సెంటర్ ఉన్నది.”

“మీటింగ్ మధ్యల లేచి హోటల్‌కు పోతరా ఎవరన్న? సంయుక్త ఉన్నది గద. ఏం బిడ్డా?”

కోడలు సంయుక్త వంటింటి గుమ్మంలో నిలబడి జుట్టు ముడి వేసుకుంటోంది. “నేను కూడ కమిటీ మెంబర్‌నే మామయ్యా.”

“ఎవరు కాదన్నరు? నీ పేరు వేసిందే నేను.”

“మెంబర్‌నైతే ముందు రూంల కూసోవాలె. బజ్జీలేస్తే పొయ్యి దగ్గర నిలబడాలె.”

“రెండు చెయ్యరాదా? మీ అత్తమ్మ నలభై ఏండ్లు చేసింది.”

“నేనెప్పుడు ఏ కమిటీల ఉన్న?” అంది యశోదమ్మ. “నలభై ఏండ్లు పొయ్యి దగ్గరనే ఉన్న. అది జెప్పు.”

పేపరు వెనక నుంచి కొడుకు ఉమాకాంత్ గొంతు వినిపించింది. “బజ్జీలు నేను తెస్త, లొల్లి బంద్ చెయ్యుండ్రి. పదకొండింటికి కరెంటు పోతది. మోటరేసిన్రా ఎవరన్న?”

ఎవరూ వేయలేదు. ఆ సంగతి మీద మళ్ళీ ఇంకో లొల్లి మొదలైంది.

కిషన్ రావు గారు ఎకనామిక్స్ ప్రొఫెసర్‌గా రిటైరై ఎనిమిదేళ్ళయింది. మొదట్లో వైవాలకు పిలిచేవాళ్ళు, తర్వాత అదీ మానేశారు. పొద్దున పార్కు, సాయంత్రం టీవీ, మధ్యలో యశోదమ్మ వంటకు వంకలు పెట్టడం. ఇలా ఉండగా నారాయణగూడలోని సుబోధ మహిళా కళాశాలకు సొంతంగా సిలబస్ తయారుచేసుకునే హోదా వచ్చింది. ట్రస్టు వాళ్ళు ఇంటికొచ్చి, కోర్సులన్నీ కొత్తగా రూపొందించే కమిటీకి ఆయనను చైర్మన్‌గా ఉండమన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కానే వేసుకుంటున్నారు.

కమిటీలో ప్రస్తుతం పాఠాలు చెబుతున్న అధ్యాపకులు ఒకరుండాలి, ఆడవాళ్ళు ఇద్దరుండాలి. ప్రిన్సిపాల్ రత్నమాల ఎలాగూ ఉంది. రెండో పేరుగా ఆయన కోడలి పేరు రాశారు. సంయుక్త తొమ్మిదేళ్ళుగా ఆ కాలేజీలోనే తెలుగు మీడియం బి.ఏ. పిల్లలకు చరిత్ర చెబుతోంది. ఒకే మనిషితో రెండు షరతులూ తీరిపోయాయి. పైగా సంతకం కోసం ఎక్కడికీ తిరగనక్కరలేదు.

కమిటీ తేల్చిందేమిటంటే, జూన్ నుంచి బి.ఏ. తెలుగు మీడియంలో ఎవరినీ చేర్చుకోరు. ఆ స్థానంలో పూర్తిగా ఇంగ్లీషులో ఒక కొత్త డిగ్రీ వస్తుంది. చరిత్ర, ఎకనామిక్స్, రాజనీతి మూడూ కలిపి ఒకే పేపరు. మిగతాదంతా కమ్యూనికేషన్, కంప్యూటర్లు, ఈవెంట్ మేనేజ్‌మెంట్, చివరి ఏడాది మూడు నెలలు కంపెనీలో పని. కమ్యూనికేషన్ చెప్పడానికి మనుషులను పంపేది రాజశేఖర్. హిమాయత్‌నగర్‌లో ట్రైనింగ్ సంస్థ నడిపే ఆయన కూడా కమిటీలో మెంబరే.

“ఢిల్లీల డిగ్రీనే నాలుగేండ్లు చేస్తున్నరు,” అనేవారు కిషన్ రావు గారు ప్రతి మీటింగులోనూ. “మనమింక నోట్స్ చెప్పి రాపిస్తున్నం.”

తెలుగు సెక్షన్ ఉంచి దానికే ఏదైనా కలుపుదామని సంయుక్త రెండుసార్లు అంది. మొదటిసారి రాజశేఖర్, “మేడంకు తన సబ్జెక్టు మీద ప్రేమ,” అని నవ్వాడు. రెండోసారి మామగారు, “టీ అయ్యిందేమో చూడు బిడ్డా,” అన్నారు.

కోర్సు మార్చేముందు విద్యార్థుల అభిప్రాయం తీసుకోవాలని యూనివర్సిటీ నిబంధన. అందుకని ఈ ఆదివారం సంయుక్త క్లాసు పిల్లలను కొందరిని ఇంటికే రమ్మన్నారు. వాళ్ళలో చాలామంది అశోక్ నగర్ హాస్టళ్ళలో ఉంటారు కనుక నడిచే రావచ్చు. ఈ కబురు విని సంయుక్త సంతోషించింది. తన మాట ఎలాగూ ఎవరూ వినలేదు, పిల్లలు నోరు తెరిచి చెబితే ఎలా వినకుండా ఉంటారు? తానేదీ నేర్పినట్టు ఉండకూడదని వాళ్ళకు ముందుగా ఒక్క మాట కూడా చెప్పలేదు.

చివరకు బజ్జీలు ఆమే వేసింది. పిల్లలొచ్చే వేళకు చేతులు కడుక్కుని ముందు గదిలోకి వచ్చి రత్నమాల, రాజశేఖర్‌ల పక్కన కూర్చుంది.

అమ్మాయిలు పన్నెండు మంది తివాచీ మీద దగ్గరదగ్గరగా కూర్చున్నారు. ముందు వరసలో స్వరూప ఉంది. జనగామ దగ్గర ఊరు ఆమెది, రెండో సంవత్సరం చదువుతోంది. క్లాసులో అడగని ప్రశ్న ఉండదు. ఈ పిల్ల ఊరుకోదులే అనుకుంది సంయుక్త.

కిషన్ రావు గారు కొత్త కోర్సు గురించి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు. తర్వాత తెలుగులోకి వచ్చి, “నౌకరీకి పనికొచ్చే కొత్త కోర్సు, ఇంగ్లీషు మీడియంల రావాలె అనెటోళ్ళు చేతులెత్తుండ్రమ్మా,” అన్నారు.

పన్నెండు చేతులూ ఒక్కసారే లేచాయి. ఒక్క మోచెయ్యి వంగలేదు. ఒక్కరూ పక్కకు చూడలేదు. అందరి ముఖాల్లోనూ ఒకే కొలత నవ్వు.

 ఆ నవ్వు సంయుక్తకు తెలుసు. డిసెంబరులో కాలేజీకి గ్రేడు ఇచ్చే ఇన్‌స్పెక్షన్ టీము వచ్చే ముందు, వారం రోజులు సెమినార్ హాలులో నిలబెట్టి ఆ నవ్వు నేర్పింది తనే. వచ్చిన సార్లు ఏదడిగినా అందరూ ఒకేసారి చేతులెత్తాలి, వెనక్కి తిరిగి చూసుకోవద్దు, మోచెయ్యి వంచొద్దు, ముఖం నవ్వుతూ ఉండాలి. టీములో ఒకాయన క్యాంటీన్ బాగుందా అని అడిగితే, క్యాంటీనే లేని కాలేజీలో మూడు వందల చేతులు లేచాయి. మంచి గ్రేడు వచ్చింది. స్టాఫ్ మీటింగులో రత్నమాల ఆమెకు శాలువా కప్పింది.

సంయుక్త రత్నమాల వైపు చూసింది. రత్నమాల తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తోంది.

“యునానిమస్!” అన్నాడు రాజశేఖర్. “ఇంతకన్న ఏం కావాలె సర్?”

“ఇంకోసారి అడుగుండ్రి మామయ్యా,” అంది సంయుక్త. “తెలుగు మీడియం తీసేస్తే ఏమంటరో అది అడుగుండ్రి.”

“అయిపోయింది గదమ్మా. పిల్లలను పరేషాన్ చెయ్యకు. బజ్జీలు పెట్టు వాళ్ళకు.”

అమ్మాయిలు బజ్జీలు తిని, ప్లేట్లు తామే తీసుకెళ్ళి సింకులో పెట్టి, వరసగా నమస్కారాలు పెట్టి వెళ్ళిపోయారు. ఇన్‌స్పెక్షన్ రోజున కూడా అలాగే వెళ్ళారు.

అతిథుల కారు సందు మలుపు తిరగగానే కరెంటు పోయింది. కిషన్ రావు గారు విసనకర్ర అందుకున్నారు. సంయుక్త ఆయన ఎదురుగా నిలబడింది.

“అది వాళ్ళ అభిప్రాయం కాదు మామయ్యా. ఇన్‌స్పెక్షన్ కోసం నేను నేర్పిన ఆట అది. పెద్దమనుషులు అడిగితే చేతులెత్తుడే వాళ్ళకు తెలుసు.”

“నువ్వు నేర్పినా, ఇంకెవరు గుంజినా, లేచినయి వాళ్ళ చేతులే. కాదా?”

“నిజం మీకు తెలిసి కూడ అట్లనే రాస్తరా?”

“ఏం నిజం?” విసనకర్ర ఆగింది. “నీకేం తెలుసు నిజం? ఎమ్మేల చేరిన కొత్తల సెమినార్ల లేచి నిలబడితే నాకు ఇంగ్లీషుల నోరు పెగల్లే. క్లాసంత నవ్వింది. ప్రొఫెసరే నవ్విండు. రెండేండ్లు వెనక బెంచీల కూసున్న. తెలుగు మీడియం అంటే నీకు చరిత్ర పాఠం. నాకు గా నవ్వు. అది ఆ పిల్లలకు వద్దనే గద ఇదంత చేస్తున్న!”

“ఆ నవ్వు వద్దని, అసలు పిల్లలనే వద్దంటున్నరు మీరు. తెలుగుల ఇంటర్ చదివొచ్చిన పిల్ల మీ కొత్త కోర్సుల మొదటి నెల దాటుతదా?”

“దాటనోళ్ళు దాటరు. ఇప్పుడు దాటినోళ్ళేం చేస్తున్నరు? అశోక్ నగర్ల కోచింగుల చుట్టు తిరుగుతున్నరు. రాని నోటిఫికేషన్ కోసం టీ తాగుకుంట కూసుంటున్నరు.”

“ఆ కోచింగుల చెప్పేది కూడ మనం తీసేస్తున్న చరిత్రనే.”

“అబ్బో! మా కోడలు నాకే పాఠం చెప్తున్నది. ఇంటున్నవా యశోదా?”

“ఇంటున్న,” అంది యశోదమ్మ. “మీ ఇద్దరి పాఠాలు నూనె అంటినట్టు నా నెత్తికి పట్టినయి. ఆ గిన్నెలు ఎవరు కడుగుతరో అది తేల్చుండ్రి ముందు.”

ఉమాకాంత్ భార్యను వెనక గదిలోకి రమ్మని సైగ చేశాడు. పదకొండేళ్ళ కూతురు ఆమని అక్కడే ఇంగ్లీషు కథల పుస్తకం చదువుకుంటోంది. దాన్ని బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు.

“ఏందిది సంయుక్తా? కొత్త కోర్సుకు కోఆర్డినేటర్ నువ్వే అని రత్నమాల మేడం చెప్పింది. జూన్ల పర్మనెంట్ చేస్తమన్నరు. తొమ్మిదేండ్ల సంది దాని కోసమే ఏడ్చినవ్ గద. ఇంటికొచ్చిన దాన్ని తన్నేస్తవా?”

“నేనేం తన్నలే. అడిగిన అంతే.”

“అడుగుడు అయిపోయింది గద. బుధవారం కాలేజీ కౌన్సిల్ల బాపు కమిటీ రిపోర్టు చదువుతడు, మీరందరు సరే అంటరు, ఖతం. సంతకం పెట్టి ఊకో. ఇంకోటి గుర్తు పెట్టుకో. చేతుల సంగతి బయట పెడితే ముందు పోయేది నువ్వే. ఇన్‌స్పెక్షన్ల పిల్లలకు అబద్ధం నేర్పిన లెక్చరర్ అంటరు నిన్ను. బాపునేం అనరు.”

అది నిజమే. సంయుక్త వెళ్ళి గిన్నెలు కడిగింది.

సోమవారం సాయంత్రం కాలేజీ నుంచి ఆమె ఇంటికి రాకుండా అశోక్ నగర్ వెళ్ళింది. పిల్లలు తమంతట తాము ఒక కాగితం మీద రాసిస్తే, ఇన్‌స్పెక్షన్ ఊసెత్తకుండానే పని జరుగుతుందని ఆమె ఆలోచన. స్వరూప హాస్టలు ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. మెట్ల దగ్గర గోడ నిండా కోచింగ్ పోస్టర్లు. కింద టీ బండి దగ్గర అబ్బాయిలు కరెంట్ అఫైర్స్ గురించి పెద్దగా వాదించుకుంటున్నారు.

స్వరూప తడి జుట్టుతో కిందికి దిగి వచ్చింది. మేడం చెప్పింది మొత్తం విని, “ఎందుకెత్తినవంటే నేనేం చెప్పాలె మేడం?” అంది. “పెద్ద సార్లు ఏదడిగినా అందరు ఒకటేసారి ఎత్తాలె అని మీరే చెప్పిన్రు. ఒక్కదాని చెయ్యి దిగితే కాలేజీ పేరు పోతదన్నరు. ఇల్లు కూడ మీదే, సారు కూడ మీ మామనే. మేమేమనుకోవాలె?”

“అది వేరే స్వరూపా. ఇది మీ చదువు సంగతి.”

“క్యాంటీన్ మా తిండి సంగతి కాదా మేడం?”

టీ బండి దగ్గర ఎవరో నవ్వారు. సంయుక్త గొంతు తగ్గించింది. “తెలుగు సెక్షన్ తీసెయ్యొద్దని మీరంత రాసియ్యుండ్రి. ఇంగ్లీషు మీడియం మాకొద్దని.”

“ఇంగ్లీషు వద్దని ఎవరు చెప్పిన్రు మీకు?” స్వరూప గొంతు మాత్రం తగ్గలేదు. “నాకు కావాలె. షాపింగ్ మాల్ల బిల్లు కౌంటర్ల కూసోవాలన్న ఇంగ్లీషే అడుగుతున్నరు. మీ ఆమని ఏ మీడియం మేడం?”

“ఇంగ్లీషు,” అంది సంయుక్త.

“మీ మామయ్య సారు ఇంగ్లీషు ఒక్కటే అంటడు. మీరు తెలుగు ఒక్కటే అంటరు. తెలుగుల చదువుకుంట రోజు ఒక గంట ఇంగ్లీషు మంచిగ చెప్పరాదా అని మమ్మల్ని ఒక్కలన్న అడిగిన్రా? మూడేండ్ల డిగ్రీల ఇంగ్లీషు సారు మాకు గైడ్ చదివి వినిపిస్తున్నడు. ఆయనను మార్చేతందుకు కమిటీ వెయ్యరు.”

“నువ్వు చెప్పింది కరెక్టే.”

“కరెక్టని నాకు తెలుసు. అది కాదు మేడం...” స్వరూప తడి జుట్టును చేత్తో పిండింది. మొదటిసారి ఆమె గొంతులో కోపం కాకుండా ఇంకేదో పలికింది. “మా చెల్లె మొన్ననే ఇంటర్ పరీక్షలు రాసింది. తెలుగు మీడియమే. నా కాలేజీల, నా రూంల అయితేనే పంపుత అన్నడు మా నాయిన. వేరే కాలేజీ అంటే ఇంట్లనే ఉండుమంటడు. దానికి మొత్తం ఇంగ్లీషు క్లాసుల సీటిచ్చి ఏం లాభం? దసరాకు వాపసొస్తది. వచ్చినంక మళ్ళ పంపడు. నిన్న రాత్రంత నాకు నిద్ర లేదు. నా చెయ్యి నేనే ఎత్తిన గద.”

“అయితే బుధవారం కౌన్సిల్‌కు నువ్వొచ్చి ఇదే చెప్పు. నేను తీసుకపోత.”

స్వరూప ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. “మళ్ళ మమ్మల్నే తోలుకపోతరా మేడం? ఈసారి చేతులు ఎత్తాల్నా, దించాల్నా? అది కూడ నేర్పుతరా?” ఒక మెట్టు ఎక్కి మళ్ళీ ఆగింది. “కమిటీల ఉన్నది మీరు. మాకు నేర్పింది మీరు. మీరు చెప్పరాదా?”

చెప్పులు టపటపలాడిస్తూ పైకి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున మొదటి గంట కాకముందే సంయుక్త ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. రత్నమాల తలుపు మూసింది. ముందు నవ్వింది. తర్వాత, “నీకేమన్న పిచ్చా?” అంది. తర్వాత గ్రేడు వాపసు తీసుకుంటే జీతాలెవరిస్తారని అడిగింది. చివరకు, “అంత పత్తిత్తువైతే డిసెంబర్ల శాలువా ఎట్ల కప్పుకున్నవ్?” అంది. “కప్పుకోవద్దుండె మేడం,” అని సంయుక్త క్లాసుకు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కిషన్ రావు గారు అందరినీ ముందు గదిలోకి పిలిచారు. కౌన్సిల్‌లో చదవబోయే ప్రసంగం ఇంట్లో ఒకసారి వినిపించాలని ఆయన కోరిక. యశోదమ్మ చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. ఉమాకాంత్ టీవీ గొంతు తగ్గించాడు కానీ ఆపలేదు. ఆమని తాతయ్య పక్కన చేరింది. సంయుక్త తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది.

ఆయన నిలబడే చదివారు. గొంతు బాగుంది. మారుతున్న ప్రపంచం, మారని మన డిగ్రీలు, పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లల భవిష్యత్తు. ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు నిజంగానే వణికింది. “ఈ మార్పును విద్యార్థినులు ఏకగ్రీవంగా, హర్షధ్వానాలతో ఆహ్వానించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను,” అని ముగించారు.

“హర్షధ్వానాలెక్కడియి?” అంది యశోదమ్మ. “బజ్జీలు తిన్నరు, పోయిన్రు.”

“నీకేం తెలుసు, ఊకో. ఎట్లున్నది ఉమాకాంత్?”

“మస్తున్నది బాపు. జర పొడుగున్నది గానీ.”

“సంయుక్తా, నువ్వేమంటవ్? ఇంటి మెంబర్‌వు.” ఆయన ముఖంలో గెలిచిన నవ్వు ఉంది.

సంయుక్త లేవలేదు, గొంతూ పెంచలేదు. టీవీలో ప్రకటన వస్తోంది. ఆమె మాట వినడానికి ఉమాకాంత్ రిమోట్ నొక్కి శబ్దం పూర్తిగా ఆపేశాడు.

“మీరు ఏకగ్రీవం అన్న కాడ నేను లేచి, కాదు అంట మామయ్యా. ఆ చేతులెత్తుడు డిసెంబర్ల నేనే నేర్పిన్నని చెప్త. ఎందుకు నేర్పిన్నో కూడ చెప్త. మేడంకు పొద్దుగాలనే చెప్పొచ్చిన.”

కిషన్ రావు గారు కాగితాలు మడవబోయి మధ్యలో ఆగిపోయారు. “నా ఇంట్ల ఉండి? నా ముందటనే? నలుగురిల నన్ను అబద్ధాలోణ్ణి చేస్తవా?”

“ముందు నేనే అయిత.”

“నౌకరీ పోతది,” అన్నాడు ఉమాకాంత్.

“పోవచ్చు. కోఆర్డినేటర్ పని నాకొద్దని కూడ రాసిచ్చిన.”

“నన్నొక్క మాట అడిగినవా?”

“అడిగితే నువ్వు ఏమంటవో నాకు తెలుసు. అందుకే అడగలే.”

యశోదమ్మ చేతిలో చిక్కుడుకాయ విరిచినట్టే ఉండిపోయింది. కోడలిని మెచ్చుకున్నట్టు లేదు, తిట్టినట్టూ లేదు. “రేపటి సంది ఈ ఇంట్ల అన్నమెట్ల తింటరో మీరిద్దరు,” అంది, ఎవరి వైపూ చూడకుండా.

కిషన్ రావు గారు ఇంకేదో అనబోయారు. ఆమని ఒకసారి తాతయ్యను, ఒకసారి అమ్మను చూసి, మెల్లగా ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కూర్చున్నారు.

“తెలుగు సెక్షన్ ఉండాలె, దాంట్ల రోజు ఒక గంట మంచి ఇంగ్లీషు ఉండాలె. రేపు అదే అడుగుత,” అంది సంయుక్త అందరికీ వినపడేలా, అదే నెమ్మదైన గొంతుతో. “మీకు ఎవరో చెప్తే తెలువద్దని ఇప్పుడు చెప్తున్న. పొద్దున మీ కార్ల రాను మామయ్యా. జర ముందుగాల బయలెల్లి నడుచుకుంట పోత.”